పెట్టువారి పేరా? మోయువారి పేరా?

మనుష్యుడు తాను కోరక, ఎన్నుకొనక, వెల యియ్యక పొందువానిలో పేరొకటి. తల్లిదండ్రులను, పుట్టిన యూరును, మొదట విన్న భాషను ఎవ్వడును ఎన్నుకొనలేడు. అవి మానవప్రయత్నమునకు లోబడనివి గనుక వాని విషయమున ఎవ్వరిని తప్పుపట్టుటకును వీలులేదు. పేరట్టిది కాదు. ఒక మనుష్యుడు కూర్చుండి, ఆలోచించి, మరియొక మనుష్యునకు పెట్టునది పేరు. పెట్టించుకొనువాడు అప్పటికి పదునొకండు దినముల వాడో, ఇరువదియొక్క దినముల వాడో అయియుండును. వలదనుటకు వానికి మాట రాదు. పెట్టినవారు శివైక్యము నొందిన పిదప కూడ ఆ పేరు వానిని విడువదు. పైగా అది తన సొత్తే యైనను తాను పలుకుట తక్కువ, లోకము పలుకుట ఎక్కువ. ఇంతటి అధికారమును పెద్దలు పండుగ పూట, బంధువుల సందడిలో, పిండివంటల నడుమ వినియోగించుచున్నారు.

జహీరాబాదు ప్రాంతమున ఒక లింగవంతుల గృహములో ఈ విషయముననే తండ్రికొడుకులకు పట్టింపు వచ్చినది. పుట్టినది మగశిశువు. తన తండ్రిపేరైన చెన్నబసవయ్య యను పేరు పెట్టవలెనని తాత కోరెను. శిశువు తండ్రి హైదరాబాదులో ఉద్యోగి. ఆయన పేరు బసవరాజు. ఆయన ఒప్పుకొనలేదు. "అప్పా, బసవ అన్న పేరుతో నేను పడ్డది వీడు పడవద్దు" అని మాత్రము చెప్పి ఊరకుండెను. ముప్పది యేండ్లుగా కొడుకు మనసులో ఆ మాట ఉన్నదని తాతకు అంతవరకు తెలియదు.

కొడుకు పడినదేమి? గంగిరెద్దులవారు సంక్రాంతి దినములలో అలంకరించిన యెద్దును ఇంటింటికి త్రిప్పి, డూడూ బసవన్నా యని పిలిచి తల యూపింతురు. ఎవ డేమి చెప్పినను సరే యని తల యూపువానిని డూడూ బసవన్న యనుట తెలుగునాట వాడుక. బడిలో హాజరు పిలుచునపుడు బసవరాజు అన్న పిలుపు విని లేచిన బాలునకు వెనుక బల్లనుండి ఆ డూడూ కూడ వినబడెడిది. అట్లు ఐదేండ్లు గడచినవి. నవ్విన బాలురు దానిని ఎప్పుడో మరచియుందురు.

ఇందులో మిక్కిలి విచిత్రమైన సంగతి యొకటి కలదు. బసవ శబ్దము వృషభ శబ్దమునకు తద్భవము. ప్రాకృతమున వసహ యై, కన్నడ తెలుగులలో బసవ యైనది. మాదాంబ నందీశ్వరుని గూర్చి నోము నోచి కనిన బిడ్డకు ఆ పేరు వచ్చినదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ద్విపదలో కీర్తించెను. ఆ బిడ్డ ఎవ్వరికి తల యూపెను? ఉపనయనము చేసికొమ్మని కన్నవారు చెప్పినపుడు ఊపలేదు. కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారము చేతిలో నున్నపుడును, కులమును పాటింపుమని కొలువువా రెంత యొత్తిడి చేసినను ఊపలేదు. తల యూపనివారిలో మొదట చెప్పదగినవాని పేరు, లోకవ్యవహారమున తల యూపువానికి బిరుదైనది. పండితుడు నవ్వుకొనవచ్చును. వెనుక బల్లమాట విన్న ఆరేండ్ల బాలునకు ఇది తెలియుట యెట్లు?

తాత వాదము గట్టిదే. పేరులో తప్పులేదు, నవ్వినవారియందే తప్పున్నదని ఆయన చెప్పెను. శరణుల పేర్లను వరుసగా ఎత్తి చూపెను. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడపువాడు. మేదర కేతయ్య వెదురుపని చేయువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. ఏ పనిపేరు చెప్పిన లోకము మొగము త్రిప్పుకొనెడిదో, ఆ పనిపేరునే వారు తమ పేరునకు ముందు నిలుపుకొనిరి. వెనుక మాత్రము అందరికిని అయ్య యొక్కటే. ఇది చిన్న సంగతి కాదు. మన పల్లెలలో నిన్నమొన్నటివరకు ఒకే దేవుని పేరు ఒకని యింట మల్లయ్యగారు, వేరొకని గుడిసెలో మల్లిగాడు అయియుండెను. పేరు సమానమే, పిలుపు సమానము కాదు. అనుభవమంటపమున ఆ పిలుపును సరిచేసిరి. అయ్య, అణ్ణ, అక్క యను చుట్టరికపు మాటలను పేరు చివర చేర్చి, మంత్రిని, చాకలిని, పడవవానిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిరి.

ఈ వాదమంతయు సత్యమే. ఐనను దీనిలో నొక లోపము కనబడుచున్నది. మాచయ్య, చౌడయ్య, చందయ్య పెద్దవారై, తెలిసి, ఆ పేర్లను ధరించిరి. వచనములు చెప్పినవారు ముద్రను కూడ తామే ఎన్నుకొనిరి. బసవేశ్వరుని వచనముల చివర కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి శ్రీశైలనాథుడైన చెన్నమల్లికార్జునుడు. తమ పేరు చెప్పవలసిన చోట ఇష్టదైవము పేరు చెప్పిరి. అది సాధకుని స్వాతంత్ర్యము. శిశువున కా స్వాతంత్ర్యము లేదు. నీ నడతచేత నీ పేరునకు గౌరవము తెమ్మని పెద్దవానికి చెప్పవచ్చును. బలపము పట్టుట యిప్పుడే నేర్చుకొనుచున్న వానికి చెప్పుట న్యాయము కాదు.

ప్రేమతో పెట్టిన పేరు గనుక అందులో దోషము ఉండదని కొందరందురు. తెలుగునాట పెంటయ్య, పుల్లయ్య యను పేర్లెట్లు వచ్చినవో ఎరిగినవారు ఆ మాట అనరు. పుట్టిన బిడ్డలు వరుసగా దక్కక పోయినపుడు, తరువాతి బిడ్డను పెంటకుప్పమీద దొర్లించియో, ఎంగిలి విస్తళ్లపై పొర్లించియో తెచ్చుకొని ఆ పేరు పెట్టిరి. ఇది ఎవరికిని అక్కరలేని బిడ్డ యని మృత్యువును మోసగించుటకు తల్లి చేసిన ఉపాయమది. అంతకంటె గాఢమైన ప్రేమతో పెట్టిన పేరు వేరొకటి ఉండదేమో. ఆ ప్రేమ బడివాకిలివరకు వచ్చినదా? రాలేదు. అక్కడ పెంట యను మాట యొక్కటే మిగిలినది. ఎందరో పెంటయ్యలు పెరిగి పెద్దవారై, తమ పేరునకు గల కథ తెలియకయే సిగ్గుపడిరి. తల్లి ఆ కథను చెప్పియుండిన, నా తల్లి నన్నింత కోరుకొన్నది యని వారు తలయెత్తి చెప్పుకొనెడివారు.

ప్రేమ లేక పెట్టిన పేర్ల సంగతి వేరు. మహారాష్ట్రలోని సాతారా జిల్లాలో ఆడపిల్ల వలదనుకొన్న యిండ్లలో పుట్టిన బాలికలకు నకుసా యని పేరు పెట్టుట ఉండెను. అక్కరలేనిది యని దాని యర్థము. 2011 అక్టోబరు నెలలో ఆ జిల్లా అధికారులు ఒక సభ జరిపి 280 మందికి పైగా బాలికలకు క్రొత్త పేర్లు పెట్టి యోగ్యతాపత్రముల నిచ్చిరి. తాము కోరుకొన్న పేరును తామే ఎన్నుకొన్నవారు అందు కలరు. అంతవరకు ఆ బాలికలు బడిలో హాజరు పిలిచినప్పుడెల్ల, నేను అక్కరలేనిదానను, ఇక్కడ నున్నాను అని చెప్పుచుండిరన్న మాట. దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇక బసవరాజుగారు తన కుమారునకు ఎంచుకొన్న పేరేమి? బిడ్డ హస్తానక్షత్రము మూడవ పాదమున పుట్టెను. ఇరువదియేడు నక్షత్రములకు పాదమున కొక్కటి చొప్పున 108 అక్షరములు పంచాంగములలో వ్రాయబడియున్నవి. హస్త మూడవ పాదమునకు ణ అక్షరము. ఆర్ద్ర మూడవ పాదమునకు ఙ. తెలుగున గాని సంస్కృతమున గాని ఈ అక్షరములతో ఆరంభమగు నామము దొరకదు. పూర్వులు ఆ పాదములలో పుట్టినవారికి దగ్గరి అక్షరముతో సరిపెట్టుకొనిరి. బసవరాజుగారు సరిపెట్టుకొనలేదు. చరవాణిలో వెదకి వెదకి ణకారముతో ఒక పేరును పట్టిరి. శివుని తేజస్సని దాని యర్థము అక్కడ వ్రాయబడియున్నది. ఏ నిఘంటువులోను ఆ మాట లేదు. ఆ పేరు గలవాడు లోకమున వేరొకడు ఉండడని ఆయన సంతోషము. నిజమే, ఉండడు. ఆ పేరును తొలిసారి తప్పులేక చదువు ఉపాధ్యాయుడును ఉండడు. కొడుకును వెనుక బల్లనుండి కాపాడవలెనని బయలుదేరిన తండ్రి, వానిని ముందు బల్లవారు కూడ నవ్వునట్లు చేయబోయెను. తారాబలమును, చంద్రబలమును వెదకువారిని బసవేశ్వరుడు తన వచనములలో ఏమన్నాడో ఆ యింటివారికి తెలియనిది కాదు. ఐనను బిడ్డ పుట్టగానే పంచాంగము చేతికి వచ్చినది. ఇది ఆ ఒక్క యింటి బలహీనత కాదు.

ఎవ్వరికిని లేని పేరు కావలెనను కోరిక ఈనాడు అన్ని యిండ్లలోను కనబడుచున్నది. దాని ఫలములు విద్యాశాలల పట్టీలలో చూడవచ్చును. ఆశ్రిత యనిన ఆశ్రయించినది. దీర్ఘము తీసి అశ్రిత యనిన ఆశ్రయము లేనిది. ఆంగ్లలిపిలో రెండును ఒక్కటే. తృష యని ముద్దుగా పిలుచుకొనుచున్నారు. దాహమని దాని యర్థము. అనామిక యనిన పేరు లేనిది. పేరు పెట్టుటకు పిలిచిన బంధువులు పేరు లేనిదాని పేరు విని భోజనము చేసి పోవుచున్నారు! శివనామములలోనైనను విచక్షణ కావలెను. స్థాణువు శివుని నామమే. కాని తెలుగువాడు స్థాణువైనాడనిన మ్రాన్పడి నిలిచినాడని అర్థము. దేవుని సహస్రనామములలో ఉన్నది గనుక బాలునకు తగునని చెప్పుటకు వీలులేదు. సంఖ్యాశాస్త్రము పేర అక్షరములు రెట్టించి వ్రాయుటను గూర్చి చెప్పవలసినది తక్కువ. ఆ రెట్టించిన అక్షరము ఒక పత్రమున ఉండి, మరియొక పత్రమున లేక, ఆ బిడ్డ పెద్దవాడై కార్యాలయముల చుట్టు తిరుగునపుడు లెక్క చెప్పినవారు తోడు రారు.

అపూర్వమైన పేరులన్నియు చెడ్డవని ఎవ్వరును అనరాదు. ఏ పేరైనను ఒకనాడు మొదటిసారి పెట్టబడినదే. ఒక తరగతిలో ఐదుగురు మహేశులు ఉండుట కూడ సుఖము కాదు; అక్కడ బాలుడు పేరు పోయి ఇంటిపేరులోని మొదటి అక్షరముగా మిగులును. ఐనను ఆ కష్టము తక్కువది. ఐదుగురిలో ఒకడై యుండుట బాలునకు ఒక నీడ. పెట్టువాడు తన ప్రత్యేకతను చాటుకొనుటకు బిడ్డను ప్రకటనపలకగా చేసినపుడు ఆ నీడ పోవుచున్నది. 2008లో న్యూజిలాండు దేశమున కుటుంబ న్యాయస్థానము తొమ్మిదేండ్ల బాలికను కొంతకాలము తన సంరక్షణలోనికి తీసికొనెను. కన్నవారు ఒక నాట్యమును గూర్చిన పూర్తి వాక్యమును ఆమెకు పేరుగా పెట్టిరి. ఆ బాలిక తన పేరును స్నేహితులకు సైతము చెప్పక దాచుకొనెడిది. పేరు మార్చుకొను వీలు కల్పించుటకే ఆ సంరక్షణ యని న్యాయమూర్తి తెలిపెను. కన్నవారికి వినోదమైనది బిడ్డకు రహస్యమైనది.

మన దేశములో పేరు పెట్టుటకు తొందరపడవలసిన పనిలేదని చాలమందికి తెలియదు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము పేరు లేకయే జననమును నమోదు చేయింపవచ్చును. పండ్రెండు నెలలలోపల రుసుము లేక పేరు చేర్పింపవచ్చును. ఆ పిదప రుసుము చెల్లించి పదునైదేండ్లవరకు చేర్పింపవచ్చును. 2023లో ఆ చట్టమునకు సవరణ వచ్చినది. 2023 అక్టోబరు 1 నాడును ఆ తరువాతను పుట్టినవారికి బడిలో చేరుట మొదలు పెక్కు పనులకు పుట్టిన తేదీని, స్థలమును తెలుపు ఆధారము జననపత్రమే. కావున అందు వ్రాసిన పేరు మునుపటికంటె గట్టిగా అంటుకొనును. తరువాత మార్చుకొనుట అసాధ్యము కాదు గాని, ప్రమాణపత్రము, పత్రికలలో ప్రకటన, గెజెటులో ప్రచురణ, పదవ తరగతి పత్రముతో పొత్తు కుదుర్చుకొనుట — ఇంత పని యున్నది. బాల్యమున పడిన నవ్వు ఏ గెజెటుతోను మారదు.

బిడ్డ నడుగక పేరు పెట్టుట అన్యాయమైనచో, అడుగక లింగము కట్టుటయు అన్యాయమే కదా యని ఆ యింట ఒక చుట్టము ప్రశ్నించెనట. ప్రశ్న తోసివేయదగినది కాదు. వీరశైవులకు జననసూతకము లేదు. పుట్టిన కొలది దినములలోనే గురువు శిశువునకు లింగధారణ చేయుట సంప్రదాయము. ఐతే ఇష్టలింగము అందరికిని ఒక్కటే. దానిని చూచి వీడు ధనికుని కొడుకని గాని, వీని తండ్రి విద్యావంతుడని గాని చెప్పుటకు వీలులేదు. పేరు చేయు పని దీనికి విరుద్ధము. అది ఒకనిని అందరిలోనుండి వేరుచేసి చూపును. కావున లింగము నిచ్చునపుడు గురువు దాని మంత్రమును కూడ చెవిలో చెప్పుచున్నాడు. వస్తువు నిచ్చి అర్థము నియ్యక విడుచుట అక్కడ లేదు. పేరు విషయమున మనము అట్లు విడుచుచున్నాము.

తాత చేసిన పొరపాటు ఇక్కడ తేటపడుచున్నది. బసవ నామమును పెట్టుట పొరపాటు కాదు. లింగవంతుల యిండ్లలో అది లేకుండ పోరాదు. పేరు పెట్టి, దానికి జవాబును పెట్టకపోవుటయే పొరపాటు. ఎవడు నవ్వినను ఆరేండ్ల బాలుడు ఒక్క వాక్యమున చెప్పదగిన జవాబు పేరుతోపాటు వానికి అందవలెను. రాజు చెప్పినను తల యూపనివాని పేరు నాది యని ఆ బాలునకు ఎవ్వరైన నేర్పియుండిన, డూడూ యన్నవాడు రెండవ దినమున మానుకొనెడివాడు; మానుకొనకున్నను బాలుడు తల దించుకొనెడివాడు కాడు. చెప్పదగిన జవాబు లేని పేరు, ణకారముతో పట్టి తెచ్చినట్టిది, ఎంత వినసొంపైనను పెట్టదగినది కాదు. ఉన్న జవాబును చెప్పక దాచినచో మహనీయుల పేరు కూడ పెంటయ్య పేరువలెనే అగును.

తగవు తీరిన విధము చెప్పవలసియున్నది. రెండు పేర్లను విని విని విసిగిన అవ్వ, ఇద్దరిని వాకిటికి పొమ్మని, చీకటిపడువేళ ఆటలోనున్న పిల్లవానిని అన్నమునకు పిలిచినట్లు ఆ పేర్లను పిలిచి చూపుమనెను. తండ్రి తాను తెచ్చిన పేరును ఒకసారి పిలిచి, రెండవసారి పిలువలేక నవ్వెను. తాత చెన్నబసవయ్యా యని గట్టిగా పిలిచి, కొడుకు మొగము చూచి ఆగిపోయెను. అంతవరకు ఎవ్వరును బిడ్డ తల్లిని అడిగియుండలేదు. ఆమె పుట్టిల్లు ఝరాసంగము దాపున. కేతకీ సంగమేశ్వరుని పేరు, బసవేశ్వరుని కూడలసంగముని తలపించు పేరు, ఆ సీమలో ప్రతి బడియందును ఇద్దరు ముగ్గురికి ఉండు పేరు — సంగమేశ్వర్. పుట్టిన మూడవనాటినుండి ఆమె వానిని సంగూ యనియే పిలుచుచున్నదని అప్పుడు తెలిసినది.

పళ్లెములో బియ్యము సమముగా పరచి, ఉంగరముతో తాత ఆ పేరును వ్రాసెను. మేనత్త తొట్టెలపై వంగి ముమ్మారు పిలిచెను. భోజనములైన పిదప చుట్టములు సద్దుమణగిన వేళ, ఆ పిల్లలు నిన్ను నవ్వినది ఏ తరగతిలో నని తాత కొడుకు నడిగెను. రెండవ తరగతినుండి యని కొడుకు చెప్పెను. తాత చాలసేపు మాటాడలేదు. తరువాత బాగేవాడి కథ మొదలుపెట్టి, మాదాంబ నోము దగ్గరనుండి చెప్పుచు పోయెను. నలువదేండ్ల కొడుకు గోడ కానుకొని కూర్చుండి వినుచుండెను.